గెలిచిన ఆటనూ తెరిచి చూడాలి: మన చెస్ ఆటను మనమే చదువుకునే పద్ధతి

నా చెస్ నోటుబుక్కులో ఎదురెదురు పేజీల్లో రెండు ఆటలున్నాయి. ఎడమ పేజీలోది ఏడు ఎత్తుల్లో ముగిసింది, గెలిచాను. కుడి పేజీలోది 31 ఎత్తులు సాగింది, ఓడిపోయాను. రెండింటిలోనూ నావి తెల్లపావులే. నా మొదటి ఐదు ఎత్తులూ, ఎదుటివాళ్ల మొదటి నాలుగు ఎత్తులూ పొల్లు పోకుండా ఒకటే. ఆ ఐదో ఎత్తు ఎడమ పేజీలో బ్రహ్మాస్త్రంలా కనిపిస్తుంది, కుడి పేజీలో ఒక గుర్రాన్ని ఊరికే పోగొట్టిన పొరపాటులా కనిపిస్తుంది. నిజానికి రెండు చోట్లా అది పొరపాటే. ఎడమ పేజీలో ఎదుటి ఆటగాడు దాన్ని పట్టుకోలేకపోయాడు.

ఈ సంగతి తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. గెలిచిన ఆటను మళ్లీ తెరవాలన్న ఆలోచనే రాలేదు. ఓడిన రోజు రాత్రి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాక, ఆటను ఎలా చదవాలో నాకంటూ ఒక పద్ధతి ఏర్పడింది. అదే ఇక్కడ చెబుతాను, ఆ రెండు ఆటలనే ఉదాహరణగా పెట్టుకుని. బోర్డు దగ్గరుంటే పావులు పేర్చుకుని చదవండి, లేకపోతే సగమే అందుతుంది.

ముందు పేర్ల సంగతి. బిషప్‌ను శకటు అనేవాళ్లున్నారు, ఒంటె అనేవాళ్లున్నారు. నాకు బిషప్ అనడమే అలవాటు. మిగతావి మనకు తెలిసినవే: రాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, బంటు. గడి పేరులో అక్షరం నిలువు వరుసది (తెల్లవాళ్ల ఎడమ నుంచి ఏ మొదలు హెచ్ దాకా), అంకె అడ్డవరుసది (తెల్లవైపు నుంచి 1 మొదలు 8 దాకా). ఈ4 అంటే 'ఈ' వరుసలో నాలుగో గడి. పావు పేరు లేకపోతే అది బంటు ఎత్తు. గుణకారం గుర్తు ఉంటే ఆ గడిలో ఉన్న పావును తీసినట్టు. కూడిక గుర్తు ఉంటే చెక్. ప్రతి జంటలో ముందుది తెల్లవాళ్ల ఎత్తు, తర్వాతది నల్లవాళ్లది.

ఎడమ పేజీ:

1. ఈ4, ఈ5
2. గుర్రం ఎఫ్3, గుర్రం సీ6
3. బిషప్ సీ4, డీ6
4. గుర్రం సీ3, బిషప్ జీ4
5. గుర్రం×ఈ5, బిషప్×డీ1
6. బిషప్×ఎఫ్7+, రాజు ఈ7
7. గుర్రం డీ5, ఆట కట్టు.

కుడి పేజీ, ఐదో ఎత్తు నుంచి:

5. గుర్రం×ఈ5, గుర్రం×ఈ5
6. బిషప్ ఈ2, బిషప్×ఈ2
7. మంత్రి×ఈ2, గుర్రం ఎఫ్6
8. డీ4, గుర్రం జీ6
9. ఎఫ్4, బిషప్ ఈ7
10. ఇద్దరమూ రాజు వైపు క్యాస్లింగ్ (రాజు, ఏనుగు కలిసి కదిలే ఎత్తు)
11. ఈ5, డీ×ఈ5
12. ఎఫ్×ఈ5, గుర్రం డీ5
13. గుర్రం×డీ5, మంత్రి×డీ5
14. బిషప్ ఈ3, సీ5
15. డీ×సీ5, బిషప్×సీ5
16. బిషప్×సీ5, మంత్రి×సీ5+
17. రాజు హెచ్1, గుర్రం×ఈ5

ఇక్కడికి చెరో ఐదు బంట్లు, చెరో రెండు ఏనుగులు, చెరో మంత్రి. ఆయనకు పైన ఒక గుర్రం. మిగతా 14 ఎత్తులు రాయనక్కర్లేదు.

యంత్రం కంటే ముందు పెన్ను

ఆట అయిపోగానే చేతులు ఫోను వైపు వెళ్తాయి. ఇంజిన్ (ఎత్తుల్ని లెక్కకట్టి తప్పులు చూపించే ప్రోగ్రామ్) ఆన్ చేస్తే అర నిమిషంలో ఎర్ర గుర్తులన్నీ వచ్చేస్తాయి. వాటిని చూసి "అరే, అదా!" అనుకుని మూసేస్తాం, వారం తిరిగేసరికి ఏమీ గుర్తుండదు. అందుకని నాది ఒకటే నియమం: నా మాటలు కాగితం మీద పడేవరకు ఇంజిన్ తెరవను.

మొదట ఆటను ఆపకుండా ఒకసారి మొత్తం ఆడి చూస్తాను. ఆలోచించడానికి కాదు, ఆట నడక మళ్లీ మనసులోకి రావడానికి. బోర్డు మీద, చేత్తో పావులు జరుపుతూ. తెర మీద బాణం గుర్తు నొక్కుతూ పోతే ఎత్తులు కళ్ల ముందు నుంచి జారిపోతాయి. చేత్తో జరిపితే ఒక్కో పావుకు ఒక్కో క్షణం ఇవ్వక తప్పదు.

రెండోసారి ఆడేటప్పుడు పెన్ను తీసుకుంటాను. ఎత్తు మంచిదా చెడ్డదా అన్నది అప్పుడే రాయను. ఆ ఎత్తు వేసేటప్పుడు బుర్రలో ఏముందో అది రాస్తాను. ఇది ఆట అయిన రోజే చేయాలి. మర్నాటికి జ్ఞాపకం మనకు అనుకూలంగా మారిపోతుంది, ఆలోచించని చోట కూడా ఏదో ఆలోచించినట్టు అనిపిస్తుంది. కుడి పేజీలో ఐదో ఎత్తు పక్కన నేను రాసుకున్నది ఇది: "ఇదివరకు పనిచేసింది." అంతే ఉంది. ఆరో ఎత్తు పక్కన: "అయ్యో." ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఖాళీ. ఆ ఖాళీ కూడా సమాచారమే.

స్కోర్‌షీట్ మీద ఎత్తు పక్కన గడియారంలో మిగిలిన సమయం కూడా రాసుకునే అలవాటు చేసుకోండి. ఆన్‌లైన్‌లో ఆడితే అది దానంతటదే నమోదవుతుంది. నా ఐదో ఎత్తుకు 20 సెకన్లు పట్టింది. ఆయన జవాబుకు నాలుగు నిమిషాలు. మంత్రి ఎదురుగా ఊరికే దొరుకుతుంటే నాలుగు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చున్నాడంటే, ఆ మనిషి "ఇంత పెద్ద పావును ఎందుకు వదిలాడు?" అని అడుగుతున్నాడన్నమాట. ఎడమ పేజీ ఆటలో కుర్రాడు నా మంత్రిని మూడు సెకన్లలో తీసేశాడు. రెండు ఆటల మధ్య తేడా ఆ నాలుగు నిమిషాల్లో ఉంది. నా వైపు నుంచి చూస్తే ఏ తేడా లేదు, అందుకే నాకది బాధగా తగిలింది.

బోర్డు తిప్పండి

ఈ పద్ధతిలో నాకు ఎక్కువ ఇచ్చిన పని ఇదే. ఆట ఎక్కడ మలుపు తిరిగిందని అనుమానమో అక్కడ ఆపి, బోర్డును సగం తిప్పి ఎదుటివాడి కుర్చీలో కూర్చోవాలి. తెర మీద కూడా బోర్డు తిప్పే మీట ఉంటుంది.

కుడి పేజీలో నా ఐదో ఎత్తు వేసి బోర్డు తిప్పాను. తెల్లవైపు నుంచి చూసినప్పుడు నా కళ్లు వెళ్లిన చోట్లు మూడే: ఎఫ్7 బంటు, నల్లరాజు, డీ5 గడి. ఆ మూడూ కట్టుకు కావాల్సినవి. నల్లవైపు కూర్చుంటే మొదట కనిపించింది నా గుర్రం. ఈ5లో, బోర్డు నడిమధ్య, ఒంటరిగా. దాని మీదికి ఎవరు రాగలరో వేలితో చూపిస్తూ పోయాను. డీ6 బంటు. తర్వాత సీ6 గుర్రం. వేలు సీ6 మీద ఆగిపోయింది. ఆ గుర్రం అక్కడికి రెండో ఎత్తులోనే వచ్చింది. ఆట మొదలైనప్పటి నుంచి ఈ5నే చూస్తూ ఉంది. రెండు ఆటల్లోనూ నేను దాన్ని లెక్కలో వేసుకోలేదు.

ఆ గుర్రం ఈ5లోకి వస్తే జరిగేవి మూడు. నా గుర్రం పోతుంది. జీ4లో ఉన్న వాళ్ల బిషప్‌కు కాపలా దొరుకుతుంది, ఎందుకంటే ఈ5 నుంచి గుర్రం జీ4ను చూస్తుంది. సీ4లో ఉన్న నా బిషప్ మీద కూడా దెబ్బ పడుతుంది. ఇవన్నీ జరుగుతుండగా నా మంత్రి ఇంకా జీ4 బిషప్ ఎదురుగానే నిలబడి ఉంది. ఆరో ఎత్తులో బిషప్‌ను ఈ2కు తెచ్చి మంత్రిని కాపాడుకోవడం బాగానే ఉంది. కానీ గుర్రం పోయి ఒక బంటు మాత్రమే చేతికొచ్చింది.

ఓపెనింగ్ చదవడమంటే ఏం అడగాలి

ఓపెనింగ్ అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరుస. ఇటాలియన్ ఓపెనింగ్ పేరు మీరు వినే ఉంటారు: ఈ4, ఈ5, గుర్రాలు, ఆపైన బిషప్ సీ4. అక్కడ నల్లవాళ్లు ఎక్కువగా బిషప్ సీ5 గానీ గుర్రం ఎఫ్6 గానీ వేస్తారు. నాకు రెండు ఆటల్లోనూ ఎదురైన డీ6 కాస్త ముడుచుకున్న ఎత్తు. తప్పు కాదు, ఈ5 బంటును గట్టిగా పట్టుకుంటుంది.

నేను వేసిన ఎర పేరు లెగాల్ కట్టు. 18వ శతాబ్దంలో పారిస్‌లో ఆడిన లెగాల్ పేరు మీద వచ్చింది. ఆ కాలపు పేరుమోసిన ఆటగాడు ఫిలిడోర్‌కు చదరంగం నేర్పిన గురువు ఆయనే. చిన్నప్పుడు మా అన్నయ్య నాకిది చూపించాడు. మంత్రిని వదిలేసి మూడు చిన్న పావులతో కట్టడం చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎంత అందమైన కట్టో మీరే పేర్చి చూడండి. ఎడమ పేజీ చివరి స్థితిలో నల్లరాజు ఈ7లో ఉన్నాడు. చుట్టూ ఎనిమిది గడులు. డీ8లో తన మంత్రి, ఎఫ్8లో తన బిషప్, డీ6లో తన బంటు, అవి మూడూ సొంతవాళ్లతో మూసుకుపోయాయి. ఈ8, ఈ6 గడులను ఎఫ్7లోని నా బిషప్ చూస్తోంది. డీ7ను ఈ5 గుర్రం చూస్తోంది, ఎఫ్7 బిషప్‌కు కాపలా కూడా అదే. ఎఫ్6ను డీ5 గుర్రం చూస్తోంది. ఒక్క పావు కూడా వృథాగా లేదు.

అయితే అన్నయ్య చూపించిన స్థితికీ నాకొచ్చిన స్థితికీ తేడా ఉంది. ఆ స్థితిలో నల్లవాళ్లు రెండో ఎత్తుకే డీ6 వేశారు, ఆ తర్వాత బిషప్ జీ4, ఆపైన జీ6. సీ6లో గుర్రం లేదు. అక్కడ తెల్లగుర్రం ఈ5 తీస్తే, మంత్రిని తీసుకోకుండా తెలివిగా డీ బంటుతో గుర్రాన్ని కొట్టినా, తెల్లమంత్రి జీ4 బిషప్‌ను ఊరికే తీసేస్తుంది. లెక్క కడితే తెల్లవాళ్లకు ఒక బంటు లాభం. అంటే ఆ స్థితిలో అది ఎర మాత్రమే కాదు, ఎదుటివాళ్లు పడినా పడకపోయినా నిలిచే ఎత్తు. నా స్థితిలో పడితేనే లాభం. సీ6లోని ఒక్క గుర్రం వల్ల ఇంత తేడా.

కాబట్టి ఓపెనింగ్ చదివేటప్పుడు ప్రతి ఎత్తు దగ్గరా నేను అడిగే ప్రశ్న ఒకటే: "ఈ ఎత్తు పనిచేయాలంటే ఏ పావు ఏ గడిలో ఉండాలి? ఏది కదిలితే ఇది చెడిపోతుంది?" ఎత్తుల వరుస బట్టీ పట్టినవాడికి వరుస గుర్తుంటుంది, షరతు గుర్తుండదు. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చేసిన ప్రయోగం ఒకటుంది. నిజమైన ఆటలోని స్థితిని ఐదు సెకన్లు చూపిస్తే మాస్టర్ స్థాయి ఆటగాడు మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ పావుల్ని సరైన చోట తిరిగి పేర్చగలిగాడు. పావుల్ని ఎలా పడితే అలా చల్లి చూపిస్తే ఆయనకున్న ఆ ఆధిక్యం పోయింది. మన బుర్ర పావుల్ని ఒక్కొక్కటిగా కాక గుంపులుగా గుర్తుపడుతుందన్నమాట. సీ4లో బిషప్, సీ3లో గుర్రం, జీ4లో వాళ్ల బిషప్ కనబడగానే నాకు లెగాల్ కట్టు వెలిగింది. ఆ గుంపులో లేని సీ6 గుర్రాన్ని కళ్లు దాటేశాయి.

ఒక గడి పక్కకు జరిగితే

ఇప్పుడు మొత్తం రాత్రిలో నాకు బాగా నచ్చిన భాగం. ఐదో ఎత్తు తప్పని తేలింది, మరి ఏం వేయాలి? పావుల్ని నాలుగో ఎత్తు దగ్గరకు తెచ్చి, నాకు తోచిన ఎత్తులన్నీ ఒక్కొక్కటిగా వేసి చూశాను. అందులో ఒకటి హెచ్3. జీ4 బిషప్‌ను "ఏదో ఒకటి తేల్చుకో" అని అడిగే చిన్న బంటు ఎత్తు.

ఆ బిషప్ హెచ్5కు వెనక్కి తగ్గిందనుకోండి. పైకి ఏమీ మారలేదు, నా గుర్రం ఇంకా మంత్రికి అడ్డంగా ఇరుక్కునే ఉంది. ఇప్పుడు 6. గుర్రం×ఈ5 వేయండి. కుడి పేజీలో నన్ను ఓడించిన జవాబే వేయించండి: గుర్రం×ఈ5. ఈ5 గుర్రం జీ4ను చూస్తుంది గానీ హెచ్5ను చూడదు. 7. మంత్రి×హెచ్5. బిషప్ నాకు దొరికింది. వాళ్లు గుర్రం×సీ4 అని నా బిషప్‌ను తీస్తే, 8. మంత్రి బీ5+. ఐదో అడ్డవరుస అంతా ఖాళీ, సీ6 ఖాళీ, డీ7 ఖాళీ, చెక్ తగులుతుంది. చెక్‌కు ఎలా జవాబిచ్చినా తర్వాతి ఎత్తులో సీ4 గుర్రం నాదే. చివరికి లెక్క: నాకు ఒక బంటు ఎక్కువ.

మిగతా రెండు జవాబులూ చూద్దాం. 6... బిషప్×డీ1 అంటే 7. బిషప్×ఎఫ్7+, రాజు ఈ7, 8. గుర్రం డీ5, కట్టు. 6... డీ×ఈ5 అంటే 7. మంత్రి×హెచ్5, బంటు లాభం, పైగా ఎఫ్7 మీద మంత్రి, బిషప్ రెండూ గురిపెట్టి ఉన్నాయి. మూడు దారులూ నాకు మంచివే. అదే గుర్రం, అదే ఈ5 గడి. వాళ్ల బిషప్ ఒక్క గడి పక్కకు జరిగినందుకు తప్పు కాస్తా సరైన ఎత్తయింది.

దీన్ని కంటితో చదివితే చాలదు. నాలుగు స్థితులు విడివిడిగా పేర్చి చూడండి: లెగాల్‌ది, నా ఎడమ పేజీది, కుడి పేజీది, హెచ్3 తర్వాతది. ప్రతిదాంట్లో ఈ5 మీదికి ఎవరు రాగలరు, వచ్చాక వాళ్ల బిషప్‌కు ఎవరు కాపలా అని వేలు పెట్టి లెక్కపెట్టండి. నాకు గంటన్నర పట్టింది. ఆ గంటన్నర తర్వాత ఈ ఓపెనింగ్ నాకు సొంతమైనట్టు అనిపించింది.

వెనకబడ్డాక ఏం చేశాను

ఆట ఐదో ఎత్తుతో అయిపోలేదు. గుర్రం పోయాక కూడా 26 ఎత్తులు ఆడాను, వాటినీ చదవాలి. ఇక్కడ మాత్రం ఒకే గీత పట్టుకుని చూశాను: ఎక్కడెక్కడ పావుల్ని మార్చుకున్నాను? ఏడో ఎత్తులో బిషప్‌లు, అది తప్పదు. పదమూడులో గుర్రాలు. పదహారులో మిగిలిన బిషప్‌లు. ఒక పావు తక్కువున్నవాడు మార్పిడి చేసినకొద్దీ ఆ తక్కువ ఇంకా పెద్దదవుతుంది. ఇరవై మందిలో ఒకడు తగ్గితే తెలియదు, ముగ్గురిలో ఒకడు తగ్గితే తెలుస్తుంది. పదమూడో ఎత్తులో గుర్రాన్ని ఈ4కు తెచ్చి ఉంచుకోవచ్చు. పదిహేనులో సీ3 వేసి డీ4, ఈ5 బంట్ల జంటను నిలబెట్టుకోవచ్చు. ఆ రెండు బంట్లే నాకు మిగిలిన ఆస్తి. నేను డీ4 బంటుతో సీ5 తీసి ఆ జంటను నా చేత్తో నేనే విడగొట్టాను. రెండు ఎత్తుల తర్వాత ఒంటరిగా మిగిలిన ఈ5 కూడా పోయింది.

సీ3 వేసి ఉంటే గెలిచేవాణ్ని అనడం లేదు. ఆయనకు పని ఎక్కువయ్యేది. కాగితం మీద పక్కన "కోపంతో ఆడాను" అని రాసుకున్నాను, ఎందుకంటే ఆరో ఎత్తు నుంచి పదమూడు దాకా ఒక్కో ఎత్తుకు అర నిమిషం కూడా తీసుకోలేదని గడియారం చెప్పింది.

ఇప్పుడు ఇంజిన్

ఇంత రాసుకున్నాక ఇంజిన్ తెరవండి. స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ ఉచితం, లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో ఆటను ఎక్కిస్తే అదే పనిచేస్తుంది. చేత్తో ఎత్తులు ఎక్కించడం కాస్త విసుగే గానీ, ఎక్కించేటప్పుడే మూడోసారి ఆడినట్టు అవుతుంది.

అది చూపించే సంఖ్యకు కొలత బంటు. సున్నా అంటే సమానం, కూడిక గుర్తుంటే తెల్లవైపు మొగ్గు, తీసివేత గుర్తుంటే నల్లవైపు. మన స్థాయిలో బంటులో నూటికి పాతికో ముప్ఫయ్యో వంతుల తేడాలు పట్టించుకోవద్దని నా సలహా. ఒక్క ఎత్తుతో సంఖ్య ఒక బంటుకు మించి జారిన చోట్లు మాత్రం చూడండి. నా కుడి పేజీలో మొదటి పెద్ద జారుడు ఐదో ఎత్తు దగ్గరే. ఎడమ పేజీలో కూడా సరిగ్గా అక్కడే! నేను పండగ చేసుకున్న ఆటలో, గెలిచిన ఆటలో, నా ఎత్తు పక్కన ఎర్ర గుర్తు. ఆ తర్వాత వాళ్ల జవాబు పక్కన ఇంకా పెద్ద ఎర్ర గుర్తు. నాలుగు నెలల ముందు ఐదు నిమిషాలు కూర్చుని ఉంటే కనిపించేది.

ఇంజిన్ చెప్పిన మంచి ఎత్తు అర్థం కాకపోతే దాంతో వాదించండి. మీ ఎత్తే వేసి, అది ఏం జవాబిస్తుందో చూడండి. ఆ జవాబుకు మళ్లీ మీకు తోచింది వేయండి. మూడు నాలుగు ఎత్తుల్లో ఎందుకో మీకే తెలుస్తుంది. తెలియకపోతే ఆ ఎత్తును వదిలేయండి, అది ఇంకా మన స్థాయికి అందనిది.

ఓపెనింగ్ కోసం లీచెస్‌లోనే ఇంకో సాధనం ఉంది: ఒక స్థితి నుంచి మాస్టర్లు ఏం వేశారు, మామూలు ఆటగాళ్లు ఏం వేశారు, ఎవరు ఎన్నిసార్లు గెలిచారు అని చూపిస్తుంది. నేను రెండూ పక్కపక్కన చూస్తాను. మాస్టర్ల పట్టిక ఏది మంచిదో చెబుతుంది. మామూలు ఆటగాళ్ల పట్టిక వచ్చే వారం నా ఎదురుగా ఏం వస్తుందో చెబుతుంది. ఒక జాగ్రత్త: ఒక ఎత్తుకు గెలుపులు ఎక్కువ కనబడినంత మాత్రాన అది మంచిదైపోదు. ఎదుటివాళ్లు తప్పు జవాబిచ్చినా గెలుపు గెలుపుగానే లెక్కలోకి వస్తుంది. నా ఎడమ పేజీ లాంటి ఆటలు ఆ పట్టికలో ఎన్నో ఉంటాయి.

రాసిపెట్టుకోవడం, ఇంకొకరికి చూపించడం

1948లో ప్రపంచ ఛాంపియన్ అయిన బోత్వినిక్ తన ఆటలకు తానే వ్యాఖ్యలు రాసి అచ్చు వేయించేవాడు, ఇతరులు తప్పులు పట్టాలని. మనం అచ్చు వేయనక్కర్లేదు, ఎదురుగా ఆడిన మనిషికే చూపించవచ్చు. కుడి పేజీ ఆట ఆడినాయనకు నా కాగితం ఇచ్చాను. ఆయన చదివి, ఆ నాలుగు నిమిషాల్లో మూడు నిమిషాలు మంత్రిని తీసుకుంటే ఏమవుతుందని చూశానని, కట్టు కనబడ్డాకే మిగతా పావుల వైపు తిరిగానని చెప్పాడు. ఎదుటి మనిషి బుర్రలో ఏం నడిచిందో ఏ ఇంజిన్ చెప్పదు.

నా నోటుబుక్కులో ఒక్కో ఆటకు చివర మూడు వాక్యాలకు మించి రాయను. ఈ రెండు ఆటలకూ కలిపి రాసినవి: "ఈ5 తీసే ముందు సీ6 గుర్రం ఎక్కడుందో చూడు. ముందు హెచ్3. పావు తక్కువుంటే మార్పిడి ఆపు." వారం తర్వాత ఆ నాలుగు స్థితులనూ చూడకుండా పేర్చుకుని మళ్లీ పరీక్షించుకున్నాను. మూడు గుర్తున్నాయి. హెచ్3 తర్వాత బీ5లో చెక్ ఉందన్నది మర్చిపోయాను, మళ్లీ పేర్చాను. నెల తర్వాత నాలుగూ వచ్చాయి.

వారానికి ఒక ఆట చాలు. పది ఆటలు పైపైన చూసేకంటే ఒకదాన్ని ఇలా చదివితే ఎక్కువ నిలుస్తుందని నా అనుభవం. ఏ ఆట ఎంచుకోవాలంటే, ఒక వారం ఓడినది, ఒక వారం గెలిచినది.

మూడో ఆట

రెండు నెలల తర్వాత ఇదే స్థితి మళ్లీ వచ్చింది. నాలుగో ఎత్తుకు వాళ్ల బిషప్ జీ4కు రాగానే గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది. చేతులు ఒళ్లో పెట్టుకుని సీ6 వైపు చూశాను. గుర్రం ఉంది. హెచ్3 వేశాను. ఎదురుగా ఆడుతున్నామె ఎక్కువ ఆలోచించకుండా బిషప్×ఎఫ్3 తీసింది. మంత్రి×ఎఫ్3, ఎఫ్7లో కట్టు బెదిరింపు. ఆమె గుర్రం ఎఫ్6తో మంత్రి దారి మూసింది. నేను డీ3 వేశాను, ఆమె గుర్రం డీ4లో దిగి నా మంత్రినీ, సీ2 బంటునూ ఒకేసారి పట్టుకుంది. మంత్రి డీ1కు తిరిగి ఇంటికి. ఆ తర్వాత ఎవరికీ ఏమీ దొరకని ప్రశాంతమైన ఆట, 41 ఎత్తులకు డ్రా.

ఆ రాత్రి దాన్నీ పేర్చాను. డీ4లో కూర్చున్న ఆ గుర్రాన్ని మామూలుగా సీ3 బంటుతో తరిమేయవచ్చు. తరమలేకపోయాను, ఎందుకంటే సీ3లో నా గుర్రమే ఉంది. నాలుగో ఎత్తులో దాన్ని అక్కడ పెట్టింది నేనే, లెగాల్ కట్టుకు అది కావాలి కాబట్టి. పెన్ను తీసి ఆ ఎత్తు పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను. గుర్రానికి బదులు బంటునే సీ3లో పెడితే డీ4 గడి నాదవుతుంది, తర్వాత డీ4 వేసే దారి తెరుచుకుంటుంది. అప్పుడు కూడా వాళ్ల బిషప్ జీ4కు వస్తే మంత్రి బీ3కు వెళ్లి బీ7, ఎఫ్7 రెండింటి మీదా కన్నేస్తుంది. బీ7 తీస్తే మాత్రం నా మంత్రి అక్కడ చిక్కుకుంటుందా లేదా అన్నది ఇంకా చూడాలి. బోర్డు మీద పావులు ఆ స్థితిలోనే ఉన్నాయి, ఈ వారం పని అదే.